గోడపక్క సీటు

ప్లగ్గు దగ్గర ముక్కు పెట్టి వాసన చూడందే ఆమె ఏ స్విచ్చూ వెయ్యదు. పాలు విరిగాయేమోనని గిన్నె దగ్గరికి వంగినట్టు వంగి, కళ్ళు మూసుకుని గాలి పీలుస్తుంది. కాలిన వాసన లేదనిపించినా ఇంకోసారి పీల్చి, రబ్బరు చెప్పులు సరిగ్గా తొడుక్కుందో లేదో చూసుకుని, అప్పుడు వేలికొసతో నొక్కుతుంది. ఆ గదిలోకి అందరూ చెప్పులు విప్పి రావాలి. ఆమె ఒక్కతే కరెంటు భయంతో చెప్పులేసుకుంటుంది. కంప్యూటరు కుయ్యిమంటూ లేచింది. ఏమీ పేలలేదు. ఆమె పక్కదాని దగ్గరికి జరిగింది.

బీరువాలోంచి తెచ్చిన బుట్టలో మౌసులు తోకలు చుట్టుకుని పడుకున్నాయి. వెనకటికోసారి పిల్లలు వాటి కడుపులో ఉండే రబ్బరు గోళీలు కొట్టేసి బడి వెనక ఆడుకున్నారు. అప్పట్నుంచీ సాయంత్రం వాటిని ఊడదీసి బీరువాలో పెట్టి తాళం వెయ్యడం, పొద్దున ఒక్కోదాన్నీ వెల్లకిలా తిప్పి, మూత తీసి, గోళీ ఉందని చూసి, లోపల పేరుకున్న మట్టిని గోటితో గీకి మళ్ళీ తగిలించడం ఆమె పనైంది. పిల్లలు మౌసమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో చిన్నబుచ్చుకుంది కానీ, ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఏదో చెడుకబురు తెచ్చారనుకుని ఉలిక్కిపడుతుంది.

పదో తరగతి దాకా చదివింది. పెళ్ళయ్యాక వీధిచివరి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటరు కోర్సు ఒకటి చేసింది. ఆ చదువుకి ఈ పని దొరకడమే గొప్పని అందరూ అన్నారు. దొరికింది కనక పోతుందేమోనని ఆమె అనుకుంది.

తర్వాత హెడ్‌ఫోన్లు. పిల్లలు వైర్లు మెలేసి మెలేసి చాలావాటికి ఒక చెవే మోగుతుంది. మోగే వైపు ఆమె గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టింది. అందులో కుడివైపు చుక్క ఉన్నది, అన్నిటికన్నా గట్టిగా మోగేది ఒకటుంది. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వదు. అది గోడపక్క సీటుది. గోడపక్క సీటు పిచ్చుకది.

పిచ్చుక ఆమె కూతురు. అదే బళ్ళో ఆరో తరగతి. మాటలొచ్చిన కొత్తలో ఊపిరి తీసుకోకుండా కిచకిచలాడేదని వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరు. ఇప్పుడా పిల్ల అడిగినదానికే జవాబిస్తుంది, అదీ అడిగినవాళ్ళు ఎదురుగా నిలబడితే. ఎడమ చెవి పోయింది. కుడిది కూడా కొంచెం కొంచెంగా పోతోందని పోయిన వేసవిలో చెవుల డాక్టరు చెప్పాడు. మిషను పెట్టండి, కాని దాన్నే నమ్ముకుని కూర్చోకండి అన్నాడు. వినికిడి తక్కువైన పిల్లలకి పక్క జిల్లాలో మంచి బడి ఉంది, పెదాలు చూసి మాట పట్టుకోవడం, చేతులతో మాట్లాడడం నేర్పుతారు, ఎంత తొందరగా పంపితే అంత మంచిది, హాస్టల్ కూడా ఉంది అన్నాడు. హాస్టల్ అన్న మాట దగ్గర మౌసమ్మ చెవులే మూసుకుపోయాయి. ఆ తర్వాత ఆయన ఏం చెప్పాడో ఆమెకి తెలీదు.

బళ్ళో మాత్రం జలుబు చేసి చెవులు దిబ్బెళ్ళు పడ్డాయని చెప్పింది. ఆ జలుబు ఏడాదిగా తగ్గలేదు. మిషను కొన్నారు గాని అది ఇంటి అల్మారా దాటి రాలేదు. పెట్టుకొస్తే అందరికీ తెలుస్తుంది. తెలిస్తే ఈ పిల్లకి ఇక్కడేం పనంటారు. అంటే పంపించాలి. పంపిస్తే ఏమవుతుందో రాత్రిళ్ళు వరసగా కళ్ళముందు కనిపించేది. తడిమెట్లు, వెనకనుంచి వచ్చే లారీ, పొగ నిండిన గది, ఎంత పిలిచినా తిరగని తల. అప్పుడు లేచి నిద్రపోతున్న పిచ్చుక కుడి చెవి దగ్గర నోరు పెట్టి, పెదాలు కదిలీ కదలనట్టు, "తల్లీ" అని పిలిచేది. పిల్ల కదిలేది. ఒక్కో రాత్రి ఊ అనేది కూడా. ఇంకా ఉంది, ఇంకా పోలేదు అనుకుని మౌసమ్మ వెనక్కి వచ్చి పడుకునేది. నిన్న రాత్రి కూడా కదిలింది. ఆ ధైర్యంతోనే ఇవాళ బడికి వచ్చింది.

"ఏం తేల్చావు మౌసమ్మా?"

పెద్దమేడం గుమ్మంలోనే నిలబడింది. చెప్పులు విప్పడానికి బద్ధకం ఆవిడకి.

"ఇంకా చూస్తున్నాను మేడం."

"ఇన్నాళ్ళు చూడ్డానికి అవేమన్నా పెళ్ళిచూపులా? సాయంత్రం కంపెనీ అతను ఫోన్ చేస్తాడు. స్పెల్లింగు ప్రోగ్రాములు రెండిట్లో ఏది కొనాలో, ఆ వెబ్‌పేజీలు చేసేది కావాలో వద్దో చెప్పెయ్యి. పిల్లల పక్కన కూర్చునేదానివి నువ్వు, నాకేం తెలుసు. నన్నడిగితే ఆ మాట్లాడేదే బాగుంది. ఎవరైనా వస్తే వినిపించుకోవచ్చు."

"రెండోదీ బాగుంది మేడం."

"అది మూగది కదే."

మౌసమ్మ చేతిలోంచి మౌసు మూత జారిపోయింది.

"మధ్యాహ్నం ఆరో క్లాసు వాళ్ళని పంపిస్తాను. అన్నీ చేయించు. నేనూ వచ్చి చూస్తా," అని పెద్దమేడం వెళ్ళిపోయింది.

ఆరో క్లాసు. కంగారులో మౌసమ్మ ఆ మూత కోసం బల్లల కింద చాలాసేపు వెతికింది. అది ఆమె కొంగు మడతలోనే చిక్కుకుని ఉంది.

మాట్లాడేదాంట్లో, తెరమీద జుట్టు ఎత్తుగా ముడేసుకున్న బొమ్మావిడ చెవిలో ఒక మాట చెబుతుంది. పిల్లలు దాని అక్షరాలు కొట్టాలి. చివర్లో మార్కులు తెరనిండా వస్తాయి, గది అవతలి మూలకి కూడా కనపడేంత పెద్దగా. తక్కువొస్తే పక్కన ఒక బఫూన్ కళ్ళు నులుముకుంటూ ఏడుస్తాడు. ఆ ఏడుపు మొహం పిచ్చుక తెరమీద ఉన్నట్టు మౌసమ్మకి ఇప్పుడే కనిపిస్తోంది. రెండోది ఏమీ మాట్లాడదు. చేప నీళ్ళలోంచి ఎగిరినట్టు మాట ఒక్కసారి పైకి లేచి మునిగిపోతుంది. చూసి గుర్తుపెట్టుకుని కొట్టాలి. అది పిచ్చుక కోసమే చేసినట్టుంది. పెద్దమేడాన్ని దానివైపు తిప్పడానికి ఏం చెప్పాలో ఆమె వారంనుంచీ మనసులో వల్లె వేసుకుంటోంది. గోల ఉండదు మేడం. హెడ్‌ఫోన్లు పాడవ్వవు మేడం.

నిజంగా పనికొస్తుందో లేదో చూద్దామని దూది ఉండలు చెవుల్లో గట్టిగా కుక్కుకుని కూర్చుంది. పైన ఫ్యాను తిరుగుతోంది, చప్పుడు లేదు. తలుపు గాలికి ఊగుతోంది, చప్పుడు లేదు. వెనకాల ఎవరో నిలబడ్డారనిపించి తిరిగి చూసింది. ఎవరూ లేరు. ముందుకి తిరిగింది. మళ్ళీ ఎవరో ఉన్నారనిపించింది. మూడో మాట మునిగేలోపే దూది లాగేసింది.

వెబ్‌పేజీల దాని సంగతి ఆమె ఎప్పుడో తేల్చేసుకుంది. వద్దు. ఊరూ పేరూ లేనివాళ్ళు తెరవెనకనుంచి పిల్లల్ని పలకరిస్తారట, ఫొటోలు అడుగుతారట, ఎక్కడుంటారో అడుగుతారట. అయినా మేడం చూస్తానంది కనక తప్పదు. ముందుగా గోడకున్న టెలిఫోను తీగ ఊడబీకి, చుట్ట చుట్టి, తన అన్నం సంచిలో పెట్టుకుంది. అప్పుడు ప్రోగ్రాం తెరిచింది. తెరమీద ఒక వీధి వచ్చింది. ఒక్కో పిల్లకీ ఆ వీధిలో ఒక ఖాళీ స్థలం. దాంట్లో ఇల్లు కట్టుకోవాలి, గదులు పెట్టుకోవాలి. తలుపు మీద నొక్కితే ఒక పేజీ, గదిమీద నొక్కితే ఇంకో పేజీ.

మొదలుపెట్టే ముందు అది ఒక ప్రశ్న అడిగింది. తలుపులు ఎవరికి తెరవాలి? కట్టినవాళ్ళకే, గదిలో అందరికీ, లోకమంతటికీ. లోకం అన్న చోట ఆమె వేడిగిన్నె ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. కట్టినవాళ్ళకే అంటే పిల్లలు ఏం రాస్తున్నారో తనకి కనపడదు. ఎవడో ఏదో పిచ్చిరాత రాస్తే ఎలా? గదిలో అందరికీ అన్నదాన్ని నొక్కింది. తన బల్ల దగ్గరనుంచే అన్ని ఇళ్ళమీదా ఓ కన్నేసి ఉంచొచ్చు. సంచిలో తీగ ఉందో లేదో ఇంకోసారి తడిమి చూసుకుంది.

భోజనాల గంటప్పుడు గేటు దగ్గర భర్త నిలబడి ఉన్నాడు. టైర్ల షాపులో పని. చేతులు ఎంత కడిగినా నల్లగానే ఉంటాయి. పనివేళలో ఎప్పుడూ రాడు. దూరంనుంచి చూడగానే ఆమె పరుగులాంటి నడకతో వెళ్ళింది.

"ఏమైందండీ?"

"ఏం కాలేదు. ముందు ఊపిరి తీసుకో. ఆ పక్క జిల్లా బడి వార్డెనమ్మ షాపుకి ఫోన్ చేసింది. రేపటిలోగా చెప్పకపోతే మనకని ఉంచిన సీటు వేరే పిల్లకి ఇచ్చేస్తారట."

"ఇస్తే ఇవ్వనీండి. వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏటిదాకా ఆ కుడి చెవి ఆగుతుందా?"

"కొంచెం మెల్లగా మాట్లాడండి."

"మెల్లగానే మాట్లాడుతున్నానే. నువ్వే గట్టిగా వింటున్నావు."

ఆమెకి నవ్వు రాలేదు. "రాత్రి పిలిస్తే కదిలింది. నేను చూశాను. ఇంకా వినపడుతోంది దానికి. అక్కడ నిప్పంటుకుంటే గంట కొడతారు, ఇది పడుకునే ఉంటుంది. ఎవరు లేపుతారు?"

"అక్కడ ఎవరికీ వినపడదు కదే, గంటెందుకు కొడతారు? మంచాలు అదిరేలా ఏదో పెట్టారట. దీపాలు వెలిగి ఆరతాయట. అడిగాను."

"ఎప్పుడడిగారు మీరు?"

"నువ్వు నిద్రపోని రాత్రిళ్ళు నేను మాత్రం నిద్రపోయాననుకున్నావా?" జేబులోంచి నలిగిన చాక్లెట్టు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "దానికివ్వు. రేపటిదాకా టైముంది. ఆలోచించు."

ఆలోచించడానికి ఏముంది? ఒక్క రోజు గడిస్తే సీటు పోతుంది. పోతే ఇంక ఎవరూ ఏమీ అనరు. ఈ మధ్యాహ్నం ఒక్కటీ గట్టెక్కితే చాలు.

ఆరో క్లాసు వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పుల కుప్ప పడింది. పిచ్చుక గోడపక్కకెళ్ళి కూర్చుని ఎర్రచుక్క కుడి చెవికి వచ్చేలా హెడ్‌ఫోన్ పెట్టుకుంది. ఆ వైరు మీదున్న శబ్దం చక్రాన్ని మౌసమ్మ పొద్దున్నే చివరిదాకా తిప్పేసింది. పిల్ల భుజంమీద చెయ్యి వేసి, మొహం ముందుకి వంగి, "కంగారు పడకు" అంది. పిచ్చుక తల్లి మొహంలోకి చూసి, ఆ మాట తనకంటే ఆవిడకే అవసరమన్నట్టు చిన్నగా నవ్వింది.

బొమ్మావిడ మాట్లాడడం మొదలెట్టింది. మొదటి మాటని పిచ్చుక తప్పు లేకుండా కొట్టింది. రెండోదీ. మూడోదీ. మౌసమ్మకి గుండెలమీంచి ఎవరో లేచి అవతలికి వెళ్ళినట్టయింది. వినపడుతోంది. ఎందుకు భయపడి చచ్చాను ఇన్నాళ్ళూ?

అప్పుడు చూసింది. పిచ్చుక తెరవైపు చూడడం లేదు. పక్క సీట్లో పొడుగుపిల్ల, పిల్లలంతా నిచ్చెన అని పిలిచేది, తన హెడ్‌ఫోన్లో ఒక్కో మాటా వినగానే మొహం ఇటు తిప్పి, చప్పుడు లేకుండా, పెదాలు సాగదీసి ఆ మాట అంటోంది. పిచ్చుక ఆ పెదాలు చూసి కొడుతోంది. ముందు వరసలో పిల్లాడు జరిగి కూర్చుని, వాళ్ళిద్దరూ ఎవరికీ కనపడకుండా అడ్డంగా ఉన్నాడు. ఇవాళ కొత్తగా చేస్తున్న పనిలా లేదు. అందరికీ అలవాటైన పనిలా ఉంది. ఎంతమందికి తెలుసు? ఎప్పట్నుంచి? మౌసమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఇంతమంది నోళ్ళలో ఉన్న సంగతి ఎన్నాళ్ళు దాగుతుంది? పిచ్చుక తెరమీద బఫూన్ పళ్ళన్నీ బయటపెట్టి చప్పట్లు కొట్టాడు.

మాటలు మెరిసి మునిగే రెండో ప్రోగ్రాం కూడా అయింది. పిల్లలు ఆవలించారు. వీధి తెరవగానే లేచి కూర్చున్నారు. ఒకడు ఇంటికి బదులు లిఫ్టు కట్టాడు. ఒకతి గదులన్నిటికీ తాళాలు వేసి, తాళం చెవి పేజీ పెట్టడం మర్చిపోయి ఏడుపు మొహం పెట్టింది. పిచ్చుక వంగి, నాలుక కొస బయటపెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా కట్టుకుంటోంది. పొట్టిగా పెంకుటిల్లు ఒకటి, కప్పుమీద పిట్ట.

పెద్దమేడం చెప్పులు విప్పి లోపలికి వచ్చి వెనక బల్ల దగ్గర కూర్చుంది. "అబ్బో, ఊరే కట్టేశారే," అంటూ ఒక్కో తలుపూ నొక్కసాగింది. ఆవిడ తెరమీద అన్ని ఇళ్ళూ తెరుచుకుంటున్నాయి. మౌసమ్మకి అప్పుడు వెలిగింది. గదిలో అందరికీ అంటే తనకొక్కదానికీ కాదు. అందరికీనే.

వెంటనే తన తెరమీద పిట్ట ఉన్న ఇంటి తలుపు నొక్కింది.

గుమ్మం పేజీలో ఇలా ఉంది. ఎవరైనా వస్తే చాప అంచు కదులుతుంది, నాకు తెలుస్తుంది.

వంటింటి మీద నొక్కింది. ఇక్కణ్ణుంచి అమ్మ పిలుస్తుంది. నాకు వినపడదు. అందుకే నేను వంటింటి గుమ్మంలో కూర్చుని చదువుకుంటాను.

అల్మారా. నా చెవిమిషను ఇక్కడుంటుంది. దానికి బడంటే భయం.

ఇంకొక్క గది మిగిలింది. నొక్కడానికి వేలు రాలేదు. నొక్కకపోతే మేడం ముందు చదివేస్తుంది.

పడకగది. రాత్రి అమ్మ నా చెవిలో పిలిచి చూస్తుంది. ఏమని పిలుస్తుందో తెలీదు. ఊపిరి వెచ్చగా తగులుతుంది. నేను విన్నట్టు కదులుతాను. అప్పుడు అమ్మ పడుకుంటుంది.

మౌసమ్మ ఆ పేజీని చాలాసేపు చూసింది. అక్షరాలు ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోయాయి. ఇన్నాళ్ళూ తను పట్టుకుని వేలాడిన ఆ ఒక్క కదలిక చెవిది కాదు. బిడ్డ తనని నిద్రపుచ్చుతోంది.

వెనక బల్ల దగ్గర మౌసు చప్పుళ్ళు ఆగిపోయాయి. గంట కొట్టాక పిల్లలు చెప్పుల కోసం తోసుకుంటూ వెళ్ళిపోయేదాకా పెద్దమేడం అలాగే కూర్చుంది.

"జలుబన్నావు," అంది చివరికి.

"అవును మేడం."

"నాతో చెప్పకూడదటే?"

"చెబితే పంపించేస్తారని."

"నేనెందుకు పంపిస్తాను? ముందు వరసలో కూర్చోబెట్టేదాన్ని. మొహం చూసి పాఠం చెప్పమని టీచర్లకి చెప్పేదాన్ని. ఏడాది వేస్టు చేశావు కదే." ఆవిడ గొంతులో కోపం లేదు. దానికే మౌసమ్మకి ఎక్కువ భయం వేసింది. కోపమైతే ఏదో ఒకటి చెప్పుకోవచ్చు.

ఆఫీసు గదిలో ఫోన్ మోగింది. పెద్దమేడం లేచింది. "కంపెనీ అతనై ఉంటాడు. ఏం చెప్పమంటావు? ఆ మూగ..." నాలుక కరుచుకుంది. "ఆ రెండోదే కొందాంలే. నువ్వడిగిందే."

వారంనుంచి వల్లె వేసుకున్నవన్నీ నోటిదాకా వచ్చాయి. గోల ఉండదు మేడం. గోడపక్క సీటు ఖాళీగా ఉంది. ఫోన్ మోగుతూనే ఉంది.

"మాట్లాడేదే కొనండి మేడం. మిగతా పిల్లలకి అదే బావుంది. రెండోదానికి ఆవలిస్తున్నారు." ఒక మౌసు ఊడదీసి బుట్టలో వేస్తూ అంది, "మా అమ్మాయి ఇక్కడుండదు కదా."

పెద్దమేడం ఆమె మొహంలోకి చూసింది. "మరి వెబ్‌పేజీలది?"

"అదీ కొనండి. తీగ మాత్రం నా దగ్గరే ఉంటుంది."

ఇంటికి నడిచేటప్పుడు అలవాటు ప్రకారం రోడ్డు వైపు ఆమే నడిచింది. మలుపు దగ్గర ఆగి, పిల్లని తనవైపు తిప్పుకుంది. చాక్లెట్టు ఇచ్చింది.

"ఆ బడి సంగతి నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"నాన్న ఫోన్లో మాట్లాడుతుంటే చూశాను." పిచ్చుక కాగితం విప్పి చాక్లెట్టు రెండు ముక్కలు చేసింది. "అక్కడ మంచాలు అదురుతాయట. భలే ఉంటుంది కదా."

మౌసమ్మ తల ఊపింది. "నీకు భయం లేదూ?"

పిల్ల ఒక ముక్క అమ్మ చేతిలో పెట్టింది. "ఉంది. కాని అక్కడ వినపడినట్టు కదలక్కర్లేదుగా."

ఆ రాత్రి ఆమె చెవి దగ్గర పిలవలేదు. పక్కన కూర్చుని పాదం మీద చెయ్యి వేసింది. పిల్ల ఊ అంది.

సెలవులు అయ్యాక పిచ్చుక వెళ్ళింది. పొద్దున బస్సు. చెవికి మిషను, ఒళ్ళో సంచి. కిటికీ అద్దం తెరుచుకోలేదు, బిగుసుకుపోయింది. మౌసమ్మ బయటనుంచి ఏదేదో చెప్పింది. తడిమెట్లు, ఉడుకునీళ్ళు, లారీలు. అద్దానికి ఇవతల తన గొంతు తనకే వినపడలేదు, బస్సు అంత మోత పెడుతోంది. లోపల పిచ్చుక ఒక్క మాట వదలకుండా చూసి, అన్నిటికీ తల ఊపింది. బస్సు కదిలింది. మలుపు తిరిగింది. మౌసమ్మ అటునుంచి అటే బడికొచ్చి ప్లగ్గులన్నీ వాసన చూసింది.

ఇప్పుడా గదిలో బొమ్మావిడ రోజంతా మాట్లాడుతుంది. సాయంత్రం మౌసులు బుట్టలోకి వెళ్ళాక ఆమె ఒక్కో హెడ్‌ఫోన్ వైరూ చుట్టి, పిల్లలు పెంచేసిన శబ్దం చక్రాన్ని మళ్ళీ సగానికి తిప్పి పెడుతుంది. గోడపక్క మేకుకి వేలాడేదాన్ని మాత్రం ముట్టుకోదు. కుడివైపు ఎర్రచుక్క అంచుల్లో పెచ్చులూడుతోంది, చక్రం ఆ రోజు తిప్పినట్టే చివరిదాకా తిరిగి ఉంది.